నాంచారమ్మకు తెలిసిన ఈశ్వరరావులు

“నాలుగున్నర అంటే... నాలుగున్నరతో పిల్లలు బతుకుతారా చందూ?”

నళిని అడిగినదానికి చందు దగ్గర జవాబు ఉంది. అదే అతని భయం. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, రాయపూర్ శివార్లలో సిల్తరా వైపు ఒక ఇనుప ఫ్యాక్టరీలో ల్యాబు చూసుకుంటున్నవాడు. అంకె చెవిన పడితే చాలు, దాని అర్థం అడగకుండానే తలలోకి వచ్చేస్తుంది. పది నెలల పిల్లవాడికి హిమోగ్లోబిన్ పదకొండు దగ్గర ఉండాలి. నాలుగున్నర ఉందంటే, ఒంట్లో పారేది రక్తమే గానీ అందులో ప్రాణవాయువును మోసే సరుకు సగం కూడా లేదన్నమాట. ఆ లోటు పూడ్చడానికి గుండె పరిగెత్తుతూ ఉంటుంది. ఎంతసేపు పరిగెత్తగలదో పుస్తకాల్లో ఉంటుంది. అతను అది చదివాడు.

“బతుకుతారు. రక్తం ఎక్కిస్తారు కదా,” అన్నాడు.

రెండువేల పదిహేడు ఆగస్టు. పిల్లల ఆసుపత్రి వార్డులో పన్నెండు మంచాలు, కిటికీల మీద వాన. వాళ్ళ ఈశ్వర్‌కు మూడు రోజులుగా జ్వరం. పొద్దున రక్తం తీసుకున్నారు. పదకొండు గంటలకు కౌంటర్ దగ్గర గుమాస్తా కాగితం ఊపుతూ “ఈశ్వర్ రావ్!” అని అరిచాడు. చందు పరుగెత్తి అందుకున్నాడు. పైనుంచి కిందికి ఒక్కసారి చూశాడు. నాలుగు పాయింట్ అయిదు దగ్గర కళ్ళు ఆగిపోయాయి. మిగతా అక్షరాలేవీ కనబడలేదు. వార్డులోకి వచ్చేసరికి నర్సు ఆ కాగితాన్ని చేతిలోంచి తీసుకుని ఫైల్లో పెట్టేసింది. పెద్ద డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి, రక్తం బ్యాగు నాలుగింటికల్లా వస్తుందని చెప్పింది.

పిల్లవాడి అసలు పేరు పొట్నూరు ఈశ్వర్. ఆ ఇంటిపేరు ఆసుపత్రి చీటీలోకి ఎక్కలేదు. రాయపూర్‌లో ఎదురుగా ఉన్నది తెలుగువాడని తెలిస్తే గుమాస్తా కలం ఆగదు, దానంతట అదే రావ్ అని రాసేస్తుంది. ఊళ్ళో పొట్నూరువాళ్ళో, గేదెలవాళ్ళో, బలగవాళ్ళో కావచ్చు. రైలు దిగాక అందరూ రావులే. చందు తాత దిద్దలేదు, తండ్రి దిద్దలేదు. చందు రేషన్ కార్డులోనూ రావే. దిద్దాలంటే అక్షరం అక్షరం చెప్పాలి, చెప్పినా ఇంకోలా రాస్తారు. పోనీలే అనుకోవడం ఇక్కడి తెలుగు ఇళ్ళలో తాతల నాటి అలవాటు.

రెండింటికి ఆయాల డ్యూటీ మారింది. కొత్తగా వచ్చినావిడ పొట్టి మనిషి. నీలం రంగు యూనిఫాం చీర కొంగు నడుముకు దోపి, మంచం మంచానికీ ఆగుతూ వస్తోంది. వార్డంతా ఆమెను మౌసీ, అంటే పిన్ని, అని పిలుస్తోంది. నళిని తనలో తాను తెలుగులో ఏడుస్తూ ఉండటం విని, నేరుగా ఈ మంచం దగ్గరకు వచ్చింది.

“మనోళ్ళే! బాబు పేరేటి తల్లీ?”

“ఈశ్వర్.”

“నాయిన పేరు నువ్వు చెప్పు బాబూ.”

“చందు... చంద్రశేఖర్.”

“ఇంటిపేరు?”

చందు తలెత్తాడు. ఈ ఆసుపత్రిలో పొద్దుటినుంచీ ఆ మాట అడిగినవాళ్ళు లేరు. “పొట్నూరు.”

“ఏ ఊరోల్లు?”

“తాతది చీపురుపల్లి దగ్గర. ఇక్కడ రైల్వేవాళ్ళ వాగన్ షాపులో చేసేవాడు.”

“రివెట్ల పొట్నూరోల్లా! మా లైన్లోనే చివరి క్వార్టరు. మీ తాత నన్ను ఎత్తుకుని జాతరకి తీసుకెల్లాడు కదా. నన్ను నాంచారమ్మ అంటారు. ఎందుకేడుత్తాది ఈ పిల్ల?”

నళిని అంకె చెప్పింది. నాంచారమ్మ మంచం అంచున చెయ్యి ఆనించి, ఎవరూ అడగని కబురు మొదలుపెట్టింది.

“ఈశ్వర్రావు అంటే ఉత్త పేరు కాదు తెల్సా. మా వాగన్ షాపు కాలనీలో ఆ పేరుతో గొప్పోల్లు నలుగురున్నారు. మొదటోడు చక్రాల ఈశ్వర్రావు. దొరల బి.ఎన్.ఆర్. రైలు కంపెనీ కాలంలో ఒచ్చాడు. బండి ఆగితే సుత్తి పట్టుకుని చక్రం చక్రం కొట్టుకుంటా ఎల్లీవోడు. మోత విని, ఇందులో పగులుంది, ఇందులో లేదు అని చెప్పీవోడు. ఒకసారి దొర కాదన్నాడంట. విప్పి సూస్తే ఎంట్రుకంత పగులు. దొరే టోపీ తీసి సలాం కొట్టాడని మా అయ్య చెప్పీవోడు. నిజమో కోతో నాకు తెల్దు.”

చందుకు వినాలని లేదు. గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది. అయినా ఆమె గొంతు ఆగలేదు.

“రెండోవోడు చీరల ఈశ్వర్రావు. దసరా నాటకాల్లో ఆడేషాలు కట్టీవోడు. పండరీ బట్టల బజారెల్లి చీర తనే బేరమాడి కొనుక్కునీవోడు. కొట్టాయన, మీ ఆవిడ ఏం రంగు భాయ్ అనడిగితే, నా రంగే అనీవోడు. మూడోవోడు గోల్ కీపర్ ఈశ్వరు. రైల్వే జట్టుకి ఆడాడు. మోకాలు పోయినాక షాపు గేటు కాడ కూకోబెట్టారు. బంతి గాని మనిషి గాని ఆడ్ని దాటి పోలేదు.”

“నాలుగోవాడు?” అంది నళిని. పొద్దుటినుంచీ ఆమె నోట రిపోర్టు గురించి కాని మాట ఇదే మొదటిది.

“నిద్దర ఈశ్వర్రావు. ముప్పై మూడేళ్ళు వాగన్ల కింద నిద్దరోయి, నిండు పింఛనుతో ఇంటికెల్లాడు. అంత మొనగాడు మా కాలనీలో మల్లీ పుట్టలేదు.”

నళిని ఫక్కున నవ్వింది. వెంటనే, తప్పు చేసినట్టు పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఆ పేరున్నవాళ్ళలో ఎవరైనా... చిన్నప్పుడే...” చందు అడగబోయి ఆపేశాడు.

నాంచారమ్మ అతనివైపు చూసింది. “ఉన్నారు. ఆల్లూ నాకు గుర్తే. ఆల్ల సంగతి ఇప్పుడు అడక్కు.” తర్వాత మామూలు గొంతుతో అంది. “ఆ కిటికీ పక్క మంచంలో కూడా ఈశ్వర్ రావే ఉన్నాడు. ఆడ్ని నాను గోల్ కీపర్ అంటన్నాను. మీవోడు చక్రాల ఈశ్వర్రావు. వార్డులో ఒకే పేరోల్లు ఇద్దరుంటే నాకు ఇలగ పిలవకపోతే కుదర్దు.”

చందు కిటికీ వైపు చూశాడు. గళ్ళ చొక్కా వేసుకున్న ఒక సన్నటి మనిషి చిన్న సంచీలో పిల్లవాడి గుడ్డలు సర్దుతున్నాడు. అతని భార్య ఒళ్ళో, చందు కొడుకు ఈడు బిడ్డ మెడ వాల్చి పడుకుని ఉన్నాడు. ఆ మనిషి ముఖంలో తేలిక కనబడుతోంది. ఇంటికి వెళ్ళిపోతున్నవాళ్ళ ముఖం అది.

ఒక ఆలోచన చందు తలలోకి దూరింది. ఆ అంకె మనది కాకపోతే?

అంతలోనే దాని వెనక రెండో ముక్క వచ్చి నిలబడింది. మనది కాకపోతే, అది వాళ్ళది.

పక్కవాడి బిడ్డ రక్తం నాలుగున్నర కావాలని తను కోరుకుంటున్నాడా? పైగా ఇలా అనుకోవడం అతనికి బాగా తెలిసిన జబ్బే. ల్యాబులో ఫలితం బాగా రాని ప్రతిసారీ కొలిమి దగ్గరి మనుషులు ఒకటే మాట అంటారు, శాంపిలు మారిపోయింది సార్ అని. తను నవ్వుతాడు. నచ్చని ఫలితాన్ని శాంపిలు మీదకు నెట్టకండి అని క్లాసు పీకుతాడు. ఇప్పుడు తను చేస్తున్నదీ అదే కదా. చందు ఆ ఆలోచనను లోపలికి తొక్కేశాడు. ఎవరికీ చెప్పలేదు.

నాంచారమ్మ వంగి, పిల్లవాడి కంటి కింది రెప్పను బొటనవేలితో మెల్లగా లాగి చూసింది. రెండో కన్నూ చూసింది. లేచి, “నానిప్పుడే ఒస్తాను,” అని గబగబా తలుపు వైపు వెళ్ళిపోయింది.

ఎందుకు చూసిందో, ఏం కనబడిందో చెప్పలేదు. ఆయా నోటితో అలాంటివి చెప్పకూడదు. చెప్తే ఉద్యోగం పోతుంది. ఆ సంగతి చందుకు తర్వాత తెలిసింది. అప్పటికి మాత్రం, ఆమె పిల్లవాడి కంట్లో చావేదో చూసి పారిపోయిందనుకున్నాడు. స్టూలు మీద కూలబడ్డాడు.

మూడున్నరకే బ్యాగు వచ్చేసింది. తెచ్చింది చేరి రెండు వారాలైనా కాని నర్సు. ఒక చేతిలో ఎర్రటి సంచీ, ఇంకో చేతిలో గొట్టాల ప్యాకెట్. మంచం దగ్గర ఆగి, తండ్రి మీరేనా అని హిందీలో అడిగింది.

“ఈశ్వర్ రావ్? పాపా ఆప్ హై నా?”

చందు తల ఊపాడు.

ఆలోచించి ఊపలేదు. పొద్దుటినుంచీ అతని తల అలాగే ఊగుతోంది. సంతకం పెట్టండి అంటే ఊగింది. బయట నిలబడండి అంటే ఊగింది. ఆమె ఏం అడిగినా ఊగేదే. నర్సు బ్యాగును స్టాండుకు తగిలించింది. గొట్టంలోకి ఎరుపు దిగుతూ వచ్చింది. పిల్లవాడి ముంజేతికి పొద్దుననే పెట్టి ఉంచిన సూది మూత తీయడానికి వంగింది. నళిని ఆ చేతిని కదలకుండా పట్టుకుంది. ఆమె పెదాలు ఏదో దేవుడి పేరు గొణుగుతున్నాయి.

“సిస్టర్! రుకో!”

వార్డు తలుపు గోడకు కొట్టుకుంది. ఆగమని అరుస్తూ నాంచారమ్మ పరుగెత్తుకొస్తోంది. యాభై అయిదు దాటిన మనిషి, ఒక చెప్పు దారిలోనే ఊడిపోయింది. వచ్చి నర్సును ఏమీ అనలేదు. చందు భుజం పట్టుకుంది.

“బాబూ, నీ పేరు చెప్పు. నిండా చెప్పు.”

చందు నోరు తెరిచాడు. ఎమ్మెస్సీ సర్టిఫికెట్ మీద, జీతం చీటీ మీద, పెళ్ళి శుభలేఖ మీద ఉన్న పేరు ఎక్కడికో పోయింది. నర్సు విసుగ్గా, “మౌసీ, అభీ తో హా బోలా ఇన్హోనే,” అంది.

“ఆయన అవునంటే కాదు. ఆయన నోట్తో రావాల. చెప్పు నాయినా.”

“పొట్నూరు... చంద్రశేఖర్.”

“అబ్ బోతల్ పే పఢో, సిస్టర్. బాప్ కా నామ్.”

నర్సు బ్యాగును తిప్పి, అంటించిన చీటీ చదివింది. ఈశ్వర్ రావ్. తండ్రి, నాగబాబు రావ్.

నర్సు గొట్టాన్ని నొక్కి పట్టుకుంది. గొట్టం చేతికి తగిలించడానికి ఇంకా జానెడు దూరం ఉంది. ఆ జానెడునూ చందు ఇప్పటికీ మరిచిపోలేదు. బ్యాగు మీద గ్రూపు బి పాజిటివ్. తన కొడుకుది ఓ. ఆ రక్తం ఈ ఒంట్లో పడితే ఏమవుతుందో, ఎన్ని నిమిషాల్లో అవుతుందో, అదీ అతను చదివినవాడే.

రెప్ప లోపల అంత ఎర్రగా ఉన్న బిడ్డకు నాలుగున్నర ఏమిటని, నాంచారమ్మ ల్యాబుకు వెళ్ళి రిజిస్టరు చూపించమని గొడవపెట్టుకుని వచ్చింది. శాంపిలు గొట్టాల మీద పేర్లు సరిగానే ఉన్నాయి, పరీక్షా సరిగానే జరిగింది. కౌంటర్ దగ్గర అరిచిన పేరుకు ముందు పరుగెత్తినవాడు ముందు దొరికిన కాగితం పట్టుకుపోయాడు. రెండోవాడికి రెండోది దొరికింది. రక్తం బ్యాగు ల్యాబు రిజిస్టరులో ఉన్న పేరుకే వచ్చింది. రెండు కాగితాల మీదా తండ్రి పేరు పై వరుసలోనే అచ్చయి ఉంది. శాంపిలు మీద నంబరు చదవకుండా గిన్నె ముట్టుకుంటే హెల్పర్ల మీద అరిచే చందు, కొడుకు కాగితం పై వరుస చదవలేదు.

కిటికీ దగ్గరి గళ్ళ చొక్కా మనిషే నాగబాబు. ఊళ్ళో ఇళ్ళకు టైల్స్ పరిచే పని అతనిది.

“అదేటి పిన్నీ?” అన్నాడు, తన మంచం వైపు తోసుకొస్తున్న స్టాండును చూసి. “మావోడికి బాగుందన్నారు గదా? ఉత్త జ్వరమే, సాయంత్రం ఎల్లిపోండన్నారు. కాగితం గూడా ఇచ్చారు.”

“కాగితం మారిపోనాది నాగబాబూ. కూకో.”

“బాగుందన్నారు పిన్నీ...” అతను సంచీని ఒళ్ళోకి లాక్కుని మళ్ళీ అదే మాట అన్నాడు. చందుకు ఆ ముఖం వైపు చూసే ధైర్యం చాలలేదు. తను నాలుగున్నర గంటలు మోసిన అంకెను తీసుకెళ్ళి ఆ మనిషి నెత్తిన పెట్టినట్టుంది. తన కొడుకు బయటపడ్డాడన్న సంతోషం రావాలి. అది ఎంతకీ రాలేదు. వెళ్ళి నాగబాబు పక్కన స్టూలు లాక్కుని కూచున్నాడు. చుక్కలు నిమిషానికి ఎన్ని పడుతున్నాయో లెక్కపెట్టి అతనికి చెబుతూ ఉన్నాడు. ఆరు దాటేసరికి ఆ బిడ్డ పెదాలకు రంగు వచ్చింది. కళ్ళు తెరిచి, ఆకలేసి ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాకనే చందుకు ఏడుపు వచ్చింది.

ఆ బిడ్డకు ఉన్నది సికిల్ సెల్ అనే రక్తపు జబ్బని ఆ వారమే తేలింది. మందులతో, జాగ్రత్తలతో ఇప్పుడు మూడో తరగతి చదువుతున్నాడు. చందు కొడుకు జ్వరం రెండు రోజుల్లో దిగింది.

ఆ సాయంత్రం వరండాలో నాంచారమ్మ దుప్పట్లు మడతపెడుతుంటే చందు వెళ్ళి నిలబడ్డాడు.

“పిన్నీ, తల ఊపింది నేనే.”

“నాకు తెల్సు.”

“సైన్స్ చదువుకున్నాను. పేరు చూడాలని తెలుసు.”

“చదువుకున్నోడి తలకాయా మెడ మీదే ఉంటాది నాయినా.” దుప్పటి రెండో కొస అతని చేతికిచ్చింది, మడత పట్టమని. “రెండువేల రెండులో ఇదే వార్డు. తాయారు అనే పేరుతో ఇద్దరు ఆడపిల్లలు. ఒకత్తెకి కడుపులో ఆపరేషను. నాను మంచం కాడికెల్లి, తాయారు తల్లివి నువ్వేనా అనడిగాను. ఆవిడ తలూపింది. పిల్లని ఎత్తుకుని తీసుకెల్లిపోయాను. బల్ల మీద పడుకోబెట్టారు, మత్తు సూది నింపారు. డాక్టరమ్మ కడుపు నొక్కి సూసి, ఈ పిల్ల కాదే అంది. ఇంకో నిమిషం అయితే...”

మడత సగంలో ఆగింది.

“ఆ తల్లి నన్ను తిడితే బాగుండును. తిట్టలేదు. నానే అవునన్నాను గదమ్మా, తప్పు నాదే అంది. నా కాల్లు పట్టుకుంది. పదిహేనేళ్ళయ్యింది. అడిగింది నాను. పేరు నోట్లో పెట్టింది నాను. ఆవిడ తలూపింది, అంతే.”

అప్పటినుంచీ నాంచారమ్మ ఏ మంచం దగ్గరా ఫలానా నువ్వేనా అని అడగలేదు. పేరు వాళ్ళచేత చెప్పించేది. తండ్రి పేరు, ఇంటిపేరు, ఊరు. ఒకే పేరు రెండు మంచాల మీద ఉంటే, కాలనీలో ఆ పేరుతో బతికిన గొప్పవాళ్ళలోంచి తలా ఒకరిని తీసి తగిలించేది. నర్సులు ముందు నవ్వారు. తర్వాత వాళ్ళూ “మౌసీ, చీరలవాడికి జ్వరం ఎంత?” అని అడగడం నేర్చుకున్నారు.

తర్వాత కొన్నేళ్ళపాటు చందు ఆదివారాలు కొడుకును బండి మీద కూచోబెట్టుకుని వాగన్ షాపు వైపు వెళ్ళేవాడు. నాంచారమ్మ పుట్టిందీ, పెరిగిందీ, ఆ షాపులోనే పనిచేసే జోగయ్యను పెళ్ళాడిందీ ఆ కాలనీలోనే. రైల్వే బడిలో తెలుగులో ఏడో తరగతి. జోగయ్య చనిపోయాక ఎనభై ఎనిమిదిలో ఆయాగా చేరింది. పిల్లలు లేరు. కాలనీలో ఏ సంవత్సరంలో ఏం జరిగిందని అడిగితే చెప్పలేకపోయేది. పేరు చెబితే చాలు. సూర్యారావులు ఏడుగురు, పూర్ణిమలు ముగ్గురు, సత్తిరాజులు ఇద్దరు. ఎవరు సమ్మెలో ముందు నడిచారో, ఎవరు క్వార్టర్లలో దూరిన పాముల్ని పట్టారో, ఎవరు కాలనీలో మొదటిసారి మెట్రిక్ పాసయ్యారో, పేరు పేరు కింద పేర్చి పెట్టుకుంది. తెలుగు బడి ఎప్పుడో మూతపడింది. సగం క్వార్టర్లు ఖాళీ. ఆ మనుషులను వరసపెట్టి చెప్పగలిగిన నోరు ఇప్పుడు అదొక్కటే.

ఆ రోజు వార్డులో అడగవద్దన్న ప్రశ్నను చందు ఒక ఆదివారం మళ్ళీ అడిగాడు. నాంచారమ్మ దాచలేదు. వార్డులో పోయిన ఈశ్వర్లు ముగ్గురు. వాళ్ళ తండ్రుల పేర్లు, ఇంటిపేర్లు, ఊళ్ళు చెప్పింది. ఒకడికి పదకొండు రోజులు. “పదకొండు రోజులోడు ఏం గొప్పపని చేస్తాడు? కానీ నా వేలు పట్టుకున్నాడు, గట్టిగా. అందుకే ఆడు పట్టు ఈశ్వరు.” చందు పక్కనున్న కొడుకును దగ్గరకు లాక్కున్నాడు. వాడు విడిపించుకుని ఆటకు పరుగెత్తాడు.

చందు భయం పోలేదు. కొడుక్కి ఎనిమిదేళ్ళొచ్చాయి. ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంటే ఇప్పటికీ చందు రాత్రంతా వాడి నుదురు తడుముతూ కూచుంటాడు. కానీ టీకాల గదిలో గాని, బడి ఆఫీసులో గాని, మందుల దుకాణం దగ్గర గాని ఎవరైనా ఈశ్వర్ రావ్ తండ్రి మీరేనా అంటే అతను తల ఊపడు. పేరు మొత్తం నోటితో చెబుతాడు. వాళ్ళ చేతిలోని కాగితం మీద ఏముందో పైకి చదివించి వింటాడు. ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో చివరి దుప్పటి మడతపెడుతూ నాంచారమ్మ చెప్పింది అదే.

“భయమేసినోడి తలకాయ ఎవరేటన్నా ఊగుతాది బాబూ, దాన్ని ఆపలేవు. అంచేత తలకాయని నమ్మకు. ఎవరైనా నీ పేరు చెప్పి నువ్వేనా అంటే, అవుననకు. నీ పేరు నువ్వే చెప్పు, ఇంటిపేరుతో చెప్పు. అప్పుడు ఆల్ల కాగితాన్ని ఆల్లచేత చదివించు. రెండూ కలిస్తేనే బిడ్డ చెయ్యి ఇయ్యి.”